వెండి రంగు ముక్క

ఓబన్‌లో వాన పడుతోందని ఎవరూ చెప్పరు.
పడనప్పుడే చెబుతారు.

మల్ దీవి పడవ కూత వేసే వేళకి
ఐల్సా మెక్‌ఫెయిల్ చిన్న మాత్ర ఒకటి మింగి
చేతులు రెండూ బల్ల మీద బోర్లించి కూచుంటుంది.
అరగంట.
వేళ్ల వణుకు దిగితేగానీ వజ్రపు కత్తి ముట్టదు.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా కోస్తోంది
కంటికి ఆననివాటిని.

మా పచ్చ నాచు ఊరవతల బురదగుంటలోది.
బకెట్టుతో నేనే తెచ్చాను,
బూట్ల నిండా నీళ్లు, మెడ నిండా దోమకాట్లు.
ఒక్కటే కణం. అయినా నక్షత్రంలా చీలికలు చీలికలు,
మధ్యలో సన్నని నడుము,
అద్దంలో చూసుకుంటున్నట్టు రెండు సగాలు.
నడుము దగ్గర విడిపోతుంది,
ఏ సగానికా సగం తనకు లేని సగాన్ని కట్టుకుంటుంది.
అందుకే ప్రతి కణంలో
ఒకవైపు తల్లి, ఒకవైపు కూతురు.

ఆ కట్టుబడికి సరుకు పంపేది గాల్జీ.
తొమ్మిదో తరగతిలో మెలికల గీతలు గీసి
మార్కులు తెచ్చుకున్నదే.
అసలుది చూస్తే ఆత్రేయపురం పూతరేకుల దొంతి,
పదకొండు పొరలు.
అంచుల్లో బుడగలు ఊరి, తెగి,
గోడ లేస్తున్న చోటికి పోతుంటాయి.

బ్రెఫెల్డిన్ వేశాను.
బూజు ఇచ్చిన మందు అది. ఆల్కహాల్లో కరిగించి,
కణం రెండుగా విడే గడియ చూసి.
పక్క గిన్నెలో ఉత్త ఆల్కహాల్.
పోల్చుకోవడానికి
ఎవరో ఒకరు ఏమీ జరగకుండా ఉండాలిగా.

ఐల్సా కోసిన ముక్క నీటి మీద తేలింది.
బంగారు రంగు.
"మందం," అంది. పుల్లకి అంటించిన
తన కనురెప్ప వెంట్రుకతో పక్కకి నెట్టేసింది.
మళ్లీ బంగారం. మళ్లీ నెట్టేసింది.
వెండి మెరిస్తేనే ఎలక్ట్రాన్లు దూరేంత పలచన.
బంగారం పారేసి వెండికి కాచుకునే కొలువు
లోకంలో ఇదొక్కటేనేమో.

నాలుగోది వెండి.

తెర మీద దొంతి కుంగి ఉంది.
నాలుగు పొరలు. అయిదోది అనుమానం.
చెమ్మ తగిలిన రేకుల్లా ముడుచుకుని,
అంచుల్లో ఒక్క బుడగ లేదు.
మామూలు సూక్ష్మదర్శిని కింద కొత్త సగం
చీలిక రాని మొండిచెయ్యి.
పక్క గిన్నెలో పిల్లసగాలు మాత్రం
సంగతే తెలియనట్టు విచ్చుకుంటున్నాయి.

"పాపం," అన్నాను.
అర్థమడిగింది ఐల్సా.
ఇంగ్లీషులో పెట్టబోతే మాట రెండు ముక్కలయింది,
జాలి ఒకటి, చేసిన తప్పు ఒకటి.
ఏది నీది, అంది.
రెండూ, అన్నాను.

మందు కడిగేశాను, మూడుసార్లు,
వడగట్టిన బురదగుంట నీళ్లతోనే.
గంట ఆగి చంపినవాటిలో ఏడు పొరలు.
నాలుగు గంటలాగినవాటిలో పదకొండు.
దొంతి లేచింది.
మొండి సగం మాత్రం మొండిదే.
గోడ గట్టిపడ్డాక
గాల్జీ ఎన్ని మూటలు పంపితే ఏం,
దించుకునే రేవు మూసేశారు.

ఐల్సా మాత్రల అట్ట చూపించింది.
"ఇదీ ఆపే మందే.
అడ్రినలిన్ కేక గుండెకి వినపడకుండా తలుపేస్తుంది.
అక్కడ ఆపితేనే ఇక్కడ నా చెయ్యి ఆడేది."
ఆ శుక్రవారం ఆమె ఆఖరి రోజు. కేకు ఎండిపోయి ఉంది.
పైవాళ్ల ప్రసంగం సగంలో లేచి వచ్చి
వెంట్రుక పుల్ల నా చేతిలో పెట్టింది.
"ఎడమ రెప్పది. కుడివి వంకర."

ఎనిమిదో రోజు,
కడిగినవాటిలో ఇరవై మూడో నంబరు విడిపోయింది.
మొండి సగం నడుము నుంచి కొత్త సగం,
ఒక్కో చీలికే, తొందరేం లేదు,
తల్లివైపు రాని కొమ్మలన్నీ కూతురివైపు.
దాన్ని కోయలేదు. ఎందుకని నివేదికలో రాయలేదు.

పక్క గిన్నెలోది కోశాను.
బంగారం.
ఐల్సా రెప్ప వెంట్రుకతో
పక్కకి నెట్టాను.